అరిగిన బోరు రెండు నిమిషాల్లో బాగుపడదు: పాత 800 లాగకపోతే ఎక్కడ చూడాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకీ అర్థం కావాలని ముందు నీ సమస్య ఓసారి చెప్పేస్తాను. 1998 మారుతి 800, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి ఇచ్చే భాగం) మోడల్, నాన్నగారి బండి, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది, గుంటూరులో ఇంటి ముందు ఆర్నెల్లు కదలకుండా ఉంది. ఇప్పుడు బయటికి తీస్తే ఎక్సలేటర్ మీద కాలు వెయ్యగానే ఒక్క క్షణం తడబడి తర్వాత ఎత్తుకుంటోంది. మంగళగిరి వైపు హైవే ఎక్కి 60 దాటి ఓ పది నిమిషాలు పోతే దమ్ము తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోతోంది, పక్కకు తీసి రెండు నిమిషాలు ఆగితే మళ్ళీ ఏమీ జరగనట్టు వెళ్తోంది. ప్లగ్గులు మార్చారు, కాయిల్ (స్పార్కుకి కరెంటు పెంచి ఇచ్చేది) మార్చారు, కార్బొరేటర్ కడిగారు, తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) పోయింది, ఇంజిన్ దించాలి, 30,000 అవుతుంది అంటున్నాడు, నాన్నగారు అమ్మేద్దాం అంటున్నారు.

ఇంజిన్ దించొద్దు. ఇంకో పార్టు కూడా కొనొద్దు, పరీక్ష చేసేదాకా. నేను విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, నా చేతుల మీదుగా వెళ్ళిన బండ్లలో సగం 800లూ ఓమ్నీలే ఉంటాయి. నీ ప్రశ్నలోనే జవాబు చాలావరకు ఉంది: రెండు నిమిషాలు ఆగితే మామూలుగా వెళ్తోంది అన్నావు. అరిగిన బోరు రెండు నిమిషాల్లో బాగుపడదు. రింగులు పోయినా, వాల్వు కాలినా బండి పొద్దున్నా సాయంత్రమూ ఒకేలా నీరసంగా ఉంటుంది, వీధి చివర దాకా వెళ్ళినా తెలుస్తుంది, రింగులు పోతే నీలం పొగ కూడా వస్తుంది, ఆయిల్ తాగుతుంది. నీ బండికి పొగ లేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గడం లేదు అని నువ్వే రాశావు.

మరి రెండు నిమిషాల్లో మారేదేమిటి? ఖాళీ అయిన కార్బొరేటర్ గిన్నె మళ్ళీ నిండుతుంది. వేడి వల్ల వచ్చే లోపం కూడా ఆగితే సర్దుకుంటుంది కానీ కాయిల్ గానీ, స్పార్కు సర్క్యూట్‌లోనే ఉండే కండెన్సర్ గానీ వేడికి మొరాయిస్తే చల్లారడానికి పావుగంట, అరగంట పడుతుంది, రెండు నిమిషాలు చాలవు. అందుకే నా అనుమానం నూటికి తొంభై పాళ్ళు పెట్రోల్ సరఫరా మీదే.

లోపల జరిగేది ఇది. ఇంటి మీద వాటర్ ట్యాంకు ఉందనుకో, మోటారు నీళ్ళు సన్నగా పోస్తోంది. ఒక కుళాయి తిప్పి వాడుకుంటే ట్యాంకు నిండుగానే ఉంటుంది, మూడు కుళాయిలు ఒక్కసారి తిప్పితే కాసేపు బాగానే వచ్చి తర్వాత ధార సన్నబడి ఆగిపోతుంది. కుళాయిలు కట్టేసి కాసేపు ఉంటే మళ్ళీ నిండుతుంది. కార్బొరేటర్‌లో ఫ్లోట్ ఉండే గిన్నె ఆ ట్యాంకు లాంటిది. ఊళ్ళో 30, 40లో ఇంజిన్ తాగేది తక్కువ, సరఫరా సగానికి పడిపోయినా నీకు తెలియదు. హైవే మీద 60, 70లో తాగేది ఎక్కువ, వచ్చేది చాలదు, గిన్నెలో మట్టం దిగుతూ పోతుంది, మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువై దమ్ము పోతుంది. నువ్వు "తగ్గుతూ తగ్గుతూ" అన్నావు చూడు, ఆ మాట చాలా విలువైనది. పెట్రోల్ అందకపోతే బండి అలిసిపోయిన మనిషిలా మెల్లగా చతికిలబడుతుంది. స్పార్కు పోతే అలా కాదు, టక్కుమని కొడుతుంది, జర్క్ ఇస్తుంది, పోయినంత హఠాత్తుగా తిరిగి వస్తుంది. రెండూ లోడ్ మీదే, అంటే ఇంజిన్‌కి భారం పడినప్పుడే బయటపడతాయి కాబట్టి చాలామంది కలిపేస్తారు, కానీ సీటులో కూర్చున్నవాడికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

దీన్ని రూపాయి ఖర్చు లేకుండా తేల్చొచ్చు. నీ మోడల్‌కి చేత్తో లాగే చోక్ ఉంది కదా, గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, ట్రాఫిక్ లేని రోడ్డు మీద, దమ్ము తగ్గడం మొదలైన వెంటనే చోక్‌ని పావు వంతు మాత్రం లాగమను. బండి కాస్త తేరుకుని లాగిందంటే పెట్రోల్ తక్కువ అవుతోంది అని ఖాయం, లేదా ఎక్కడో దొంగ గాలి లోపలికి పోతోంది. చోక్ లాగగానే ఇంకా దిగజారిందంటే పెట్రోల్ కొరత కాదు, అప్పుడు స్పార్కు వైపు చూడాలి, లేదా పెట్రోలే మరీ ఎక్కువ అవుతోందేమో చూడాలి. ఇంకోటి, ఈ కార్బొరేటర్ గిన్నె పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది, మట్టం సరిగ్గా ఉంటే పెట్రోల్ దాని మధ్య గుర్తు దగ్గర కనిపిస్తుంది. బండి చతికిలబడి ఆగిన వెంటనే, మళ్ళీ స్టార్ట్ చేయకుండా, పూర్తిగా రోడ్డు పక్కకు వచ్చాక బానెట్ ఎత్తి టార్చి వేసి ఆ కిటికీలో చూడు. మట్టం గుర్తు కంటే బాగా కింద ఉంటే కార్బొరేటర్‌కి రావాల్సింది రావడం లేదు. నిండుగా ఉండి కూడా ఆగిందంటే నేను చెప్పింది తప్పు, మిగతావి చూద్దాం. గాజు మసకబారి కనపడకపోతే చోక్ పరీక్ష మీదే ఆధారపడు.

బండికి ఎప్పుడైనా గ్యాస్ కిట్ వేయించారా? నువ్వు రాయలేదు. మన దగ్గర ఆ రోజుల్లో చాలా 800లకి వేయించారు. ఉంటే, ఇంకా పనిచేస్తుంటే, ఇంతకంటే మంచి పరీక్ష లేదు. గ్యాస్ మీద హైవే ఎక్కించు. గ్యాస్ మీద హాయిగా పోయి పెట్రోల్ మీద మాత్రమే ఆగుతోందంటే లోపం పెట్రోల్ దారిలోనే ఉంది. రెండింటి మీదా అదే గోల అయితే స్పార్కు గానీ ఇంజిన్ గానీ.

ఇప్పుడు పెట్రోల్ దారి. ట్యాంకు నుంచి మొదలుపెట్టి ముందుకు రావాలి, మనవాళ్ళు ఎప్పుడూ కార్బొరేటర్ నుంచి మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ముందు ట్యాంకు మూత. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, ఆ దారి మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపు లాగలేదు. బండి ఆగిన వెంటనే మూత తిప్పి చూడు, సుయ్యిమని గాలి లోపలికి పీల్చిన శబ్దం గట్టిగా వస్తే దొంగ అక్కడే దొరికాడు. పోయిన నెలలో ఒక ఓమ్నీకి అంతే, పాత మూత పోయిందని బజారులో ఏదో మూత కొని బిగించారు, దానికి గాలి దారి లేదు.

తర్వాత ట్యాంకు అడుగు. ఆర్నెల్లు నిలబడ్డ బండి కాబట్టి ఇది నీ విషయంలో ముఖ్యం. రేకు ట్యాంకు, సగం ఖాళీగా ఉంటే లోపల చెమ్మ పట్టి తుప్పు రాలుతుంది. పెట్రోల్ పీల్చుకునే గొట్టం ట్యాంకు అడుగునే ఉంటుంది కాబట్టి చెత్త ముందు అక్కడికే చేరుతుంది. కొంచెం పెట్రోల్ అడుగు నుంచి తీసి శుభ్రమైన గాజు సీసాలో పోసి, ఇంటికి దూరంగా, నీడలో ఒక రాత్రి ఉంచు. పొద్దున చూస్తే అడుగున నీళ్ళలా వేరే పొర కనిపించినా, గోధుమ రంగు మట్టి పేరుకున్నా ట్యాంకు దించి కడగాల్సిందే, ఆ పెట్రోల్‌ని మళ్ళీ వాడొద్దు.

ఆ తర్వాత రబ్బరు పైపులు, వీటి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు మొదట గట్టిగా బుద్ధి వచ్చింది వీటి వల్లే. పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్తలో ఒక స్కూలు మాస్టారి 800 వచ్చింది, అచ్చం నీ లక్షణాలే. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెంపే చిన్న స్విచ్) మార్చాను, కండెన్సర్ మార్చాను, కార్బొరేటర్ కిట్ వేశాను, ఫిల్టర్ మార్చాను, చివరికి పెట్రోల్ పంపు కూడా కొత్తది పెట్టాను. మాస్టారు ప్రతిసారీ డబ్బు ఇచ్చి, హైవే మీద ఆగిపోయి, తిరిగి వచ్చేవారు, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆఖరికి ఇంజిన్ నడుస్తుండగా వెనక నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపుని వేళ్ళతో పట్టుకుని, పక్కవాణ్ణి రేస్ చెయ్యమన్నాను. రేస్ పెంచగానే ఆ పైపు నా వేళ్ళ మధ్య మెత్తగా లోపలికి అణిగిపోయింది. బయటికి నల్లగా, నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది, కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. నెమ్మదిగా లాగితే దారి ఇస్తుంది, పంపు గట్టిగా లాగితే ఆ నాలుక దారికి అడ్డం పడుతుంది. అడుగున్నర పైపు ముక్క కోసం ఆ మనిషి అప్పటికి వేలల్లో ఖర్చు పెట్టారు. మార్చిన వస్తువుల డబ్బు తిరిగి ఇచ్చేశాను, కానీ నెల రోజులు ఆయన బడికి బస్సులో వెళ్ళారన్న సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి పరీక్షించకుండా ఒక్క వస్తువు కూడా మార్చను.

ఈ రబ్బరు సమస్య ఇప్పుడు మరీ పెరిగింది, కారణం పెట్రోల్‌లో ఇథనాల్. మన దేశంలో 2022 నాటికి పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిపే స్థితికి వచ్చారు, 2023 నుంచి 20 శాతం కలిపింది బంకుల్లోకి రావడం మొదలైంది, ఇప్పుడు దాదాపు ఎక్కడికి వెళ్ళినా అదే. 1998లో ఈ బండికి వేసిన రబ్బరు, డయాఫ్రమ్‌లు (పంపుల్లో ఆడే పలచని పొరలు) దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగుళ్ళిస్తాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి, ఇందాక సీసా పరీక్ష చెప్పింది అందుకే. ఇది చాలదన్నట్టు పాత ట్యాంకుల్లో ఏళ్ళ తరబడి అంటుకుని ఉన్న జిగురుని కరిగించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. కాబట్టి పైపులు మార్చేటప్పుడు మీటరు లెక్కన అమ్మే మామూలు రబ్బరు పైపు తీసుకోకు, ఇథనాల్ తట్టుకునే రకం అడుగు, పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉంటే నిశ్చింత. కాస్త ధర ఎక్కువే, అయినా మొత్తం బండికి వందల్లోనే అయిపోతుంది. క్లిప్పులు కూడా కొత్తవి వెయ్యి, ట్యాంకుకీ పంపుకీ మధ్య క్లిప్పు వదులైతే పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే కంటికి దొరకదు.

ఇథనాల్ ఇంకో పని కూడా చేస్తుంది. మామూలు పెట్రోల్ కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిపినదానికి 13.5 కిలోల చుట్టూ చాలు. అంటే అంతే గాలికి పెట్రోల్ దాదాపు 9 శాతం ఎక్కువ పోయాలి. కంప్యూటర్ ఉన్న బండి సెన్సార్ చూసుకుని అది సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న ముక్క) రంధ్రం ఎంతుంటే అంతే పోస్తుంది. ఫలితంగా ఏ లోపమూ లేని 800 కూడా ఈ పెట్రోల్ మీద కొంచెం పొడిగా, తడబడుతూ నడుస్తుంది. కొందరు మెయిన్ జెట్ ఒక సైజు పెంచుతున్నారు, అది సరైన పనే కానీ చివర్లో చేయాల్సిన పని. సరఫరా బాగు చేసి, పైపులు మార్చి, హైవే మీద తిప్పి, ప్లగ్గు తీసి చూసి, ఇంకా తెల్లగా ఉంటే అప్పుడు. ఇటుక రంగు, లేత గోధుమ రంగు ఉంటే జెట్ ముట్టుకోకు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, జెట్‌లో రాగి తీగ పెట్టి పొడవనివ్వకు. ఆ రంధ్రం వెంట్రుకవాసి కొలతల్లో చేసింది, ఒకసారి పెద్దదైతే జెట్ మార్చేదాకా ఆ కార్బొరేటర్ ఇక సెట్ కాదు.

పెట్రోల్ ఫిల్టర్ చిన్నది, పారదర్శకంగా ఉంటుంది, మార్చెయ్యి. దాన్ని పడేసే ముందు తెల్ల పళ్ళెంలో లోపలున్నది వంచి చూడు, తుప్పు కనిపిస్తే ట్యాంకు సంగతి అక్కడే తేలిపోతుంది.

పంపు. నీ మోడల్‌కి ఇంజిన్ హెడ్‌కి బిగించిన మెకానికల్ పంపు ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ తన్నే కొద్దీ డయాఫ్రమ్ ఆడి పెట్రోల్ తోస్తుంది. పరీక్ష తేలిక, కానీ ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదువు: ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (ప్లగ్గులకి స్పార్కు పంచే భాగం) వెళ్ళే వైరు తీసి ఇంజిన్ బాడీకి తగిలించి ఉంచి, స్పార్కు ఎక్కడా పడకుండా చూసుకుని, కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి పొడవైన సీసాలో పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. ప్రతి తన్నుకీ పెట్రోల్ గట్టిగా, తెంపు లేకుండా ఎగజిమ్మాలి. ధారలో గాలి బుడగలు వస్తుంటే వెనక ఎక్కడో గాలి పీలుస్తోంది. ధార నీరసంగా ఉంటే, పంపు వెనక పైపు తీసి శుభ్రమైన పెట్రోల్ ఉన్న చిన్న డబ్బాలో పెట్టి అదే మళ్ళీ చెయ్యి, అప్పుడు గట్టిగా వస్తే పంపు మంచిదే, తప్పు ట్యాంకు వైపు ఉంది, అప్పుడూ నీరసమే అయితే పంపు మార్చు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన లేకుండా ఈ పని చేయొద్దు. ఆయిల్ స్టిక్ కూడా తీసి వాసన చూడు. పెట్రోల్ వాసన గుప్పుమంటే పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోందేమో, అలాంటి బండిని ఆయిల్ మార్చకుండా ఒక్క కిలోమీటరు కూడా తిప్పకు, బేరింగులు పోతాయి.

ఇక నీ రెండో సమస్య, కాలు వెయ్యగానే తడబాటు. దీన్నీ హైవే మీద ఆగిపోవడాన్నీ నువ్వు ఒకటే జబ్బు అనుకుంటున్నావు, కాకపోవచ్చు. థ్రాటిల్ (కాలు వేస్తే తెరుచుకునే గాలి తలుపు) ఒక్కసారి తెరిస్తే గాలి వెంటనే దూకుతుంది, పెట్రోల్ బరువైనది కాబట్టి వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి కార్బొరేటర్‌లో చిన్న ఎక్సలరేటర్ పంపు ఉంటుంది, కాలు వేసిన క్షణంలోనే ఓ చిమ్ము పెట్రోల్ కొడుతుంది. ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, పైనుంచి గొంతులోకి చూస్తూ చేత్తో థ్రాటిల్ తిప్పు. సన్నని ధార వెంటనే, గట్టిగా రావాలి. రాకపోయినా, ఆలస్యంగా కారినట్టు వచ్చినా దాని డయాఫ్రమ్ గట్టిపడింది, లేదా నాజిల్ మూసుకుపోయింది, లేదా కార్బొరేటర్ కడిగినప్పుడు అందులో ఉండే చిన్న ఉక్కు గోళీ ఎక్కడో జారిపోయింది. ఈ మూడోది చాలా మామూలు, విప్పేటప్పుడు బోర్లా తిప్పితే గోళీ దొర్లిపోతుంది, బిగించేవాడికి అది ఉండాలని కూడా తెలియదు. కడిగించాక తడబాటు పెరిగిందా తగ్గిందా అన్నది గుర్తు తెచ్చుకో. పెరిగితే నా అనుమానం గోళీ మీదే.

ఆ ధార బాగానే వస్తుంటే డిస్ట్రిబ్యూటర్‌కి పక్కన ఉండే వాక్యూమ్ డబ్బా చూడాలి. దాని పైపు కార్బొరేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టు, లోపలి ప్లేటు కదిలి అక్కడే నిలబడాలి. గాలి వదిలేస్తే డయాఫ్రమ్ చిరిగింది. టైమింగ్ (స్పార్కు పడే క్షణం) ముందుకు జరగదు, మామూలు నడకలో పికప్ తగ్గుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. మైలేజీ 17 నుంచి 13కి వచ్చిందన్నావు కాబట్టి ఇది తప్పకుండా చూడు. ఎందుకో గానీ షెడ్లలో దీన్ని ఎవరూ ముట్టుకోరు.

స్పార్కు వైపు మిగతావి త్వరగా చెప్పేస్తాను. నీ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉంటే వాటి మొహాలు కాలి గుంటలు పడ్డాయేమో చూసి, గ్యాప్ ఫీలర్ గేజ్‌తో పెట్టించు, కళ్ళతో చూసి పెట్టే గ్యాప్ కుదరదు. క్యాప్ లోపల జుట్టంత పగుళ్ళు, నల్లటి గీతలు ఉన్నాయేమో టార్చితో వెతుకు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ప్లగ్ వైర్ల దగ్గర నీళ్ళు మంచులా స్ప్రే చేసి దూరం నుంచి చూడు, నీలం మెరుపులు ఎగిరితే వైర్లు మార్చు. ఇవన్నీ అయ్యాక చివర టైమింగ్ లైటు పెట్టి రేస్ పెంచుతూ చూస్తే గుర్తు ముందుకు జరగాలి, జరగకపోతే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు పట్టేశాయి. నిలబడ్డ బండ్లలో ఇది జరుగుతుంది, శుభ్రం చేసి ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది.

సరే, నా మాట తప్పే అనుకుందాం, నిజంగా ఇంజిన్‌లోనే ఉందనుకుందాం. అప్పుడు కూడా దించే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి కొలవాలి. మెకానిక్ బోర్ పోయింది అంటే నువ్వు అడగాల్సింది ఒకే ప్రశ్న: మూడు సిలిండర్ల రీడింగు ఎంత? రీడింగు లేకుండా ఆ మాట అనకూడదు. ఇంజిన్ వేడిగా ఉండగా మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు తీసి బాడీకి తగిలించి, కాలు పూర్తిగా నొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి, ఒక్కో సిలిండర్‌కీ కొలవాలి. ఎక్కువదానికీ తక్కువదానికీ మధ్య తేడా 14 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) లోపు ఉండాలి. ఒకటి బాగా తక్కువ వస్తే దానిలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలువు. బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు గానీ హెడ్ గాస్కెట్ గానీ. వాల్వే అయితే ముందు టాపెట్ సెట్టింగ్ (వాల్వు దగ్గర వదలాల్సిన సన్నని సందు) చూడాలి, బిగుతుగా ఉండి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయిన ఇంజిన్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, అరగంట పని. ఈ మధ్య టైమింగ్ బెల్టు మార్పించి ఆ తర్వాతే దమ్ము తగ్గితే బెల్టు ఒక పన్ను తప్పిందేమో చూడు.

వాక్యూమ్ గేజ్ (ఇంజిన్ గాలి పీల్చే బలం కొలిచే మీటరు) ఉన్న మెకానిక్ దొరికితే ఇంకా మంచిది. మన కోస్తాలో, సముద్రమట్టానికి దగ్గరగా, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కన) చూపిస్తుంది, ముల్లు కదలకుండా. హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ ఇదే ఇంజిన్ దాదాపు 2 అంగుళాలు తక్కువ చూపిస్తుంది, అది జబ్బు కాదు. ఒక స్పీడులో రేస్ పట్టి ఉంచితే ముల్లు మెల్లమెల్లగా దిగిపోతుంటే సైలెన్సర్ మూసుకుపోయింది. ఆర్నెల్లు నిలబడ్డ బండి సైలెన్సర్ లోపలి రేకులు తుప్పు పట్టి విరిగి అడ్డం పడొచ్చు, ఇది కూడా లోడ్ మీద ఊపిరాడనట్టే అనిపిస్తుంది.

ఇంజిన్ కాని వాటినీ కొట్టెయ్యకు. ఒకరిని లోపల ఎక్సలేటర్ పూర్తిగా తొక్కమని నువ్వు బానెట్ దగ్గర నిలబడి చూడు, థ్రాటిల్ చివరిదాకా తెరుచుకుంటోందా? కేబుల్ సాగినా, కాళ్ళ కింద మందపాటి మ్యాట్ వేసినా ముప్పావు వంతే తెరుచుకుంటుంది. రేస్ పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు. నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడి తిప్పి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూడు, ఒకటి మాత్రం మండిపోతుంటే బ్రేకు పట్టేసింది. నిలబడ్డ బండికి ఇది సహజం. 40 హార్స్‌పవర్ కూడా లేని ఇంజిన్, ఒక చక్రం పట్టేస్తే దాని బలంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది.

ఎండాకాలం సంగతి ఒకటుంది. మే నెలలో మధ్యాహ్నం మాత్రమే ఇలా జరిగి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు అదే రోడ్డు మీద గంట పోయినా ఏమీ కాకపోతే, పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపుకి దొరకడం లేదు. అంబాసిడర్ కాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్ళు, అది ఇప్పటికీ పనిచేస్తుంది, తడిగుడ్డ వేయగానే తేరుకుంటే అనుమానం తీరినట్టే. శాశ్వతంగా అయితే పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా తిప్పి కట్టించాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఆదివారం పొద్దున్నే ముందు ఎక్సలరేటర్ పంపు ధార, థ్రాటిల్ కేబుల్ చూడు, ఇవి పావుగంట. తర్వాత హైవే మీద చోక్ పరీక్ష, ఆగిన వెంటనే ట్యాంకు మూత, గాజు కిటికీ. చోక్ లాగితే తేరుకుందంటే ఫిల్టరూ పైపులూ అన్నీ ఒకేసారి మార్పించి, ట్యాంకు అడుగు చూపించి, పంపు ధార కొలిపించు. నాన్నగారికి నేను చెప్పానని చెప్పు, కంప్రెషన్ రీడింగు చేతికి వచ్చేదాకా అమ్మకం మాట ఎత్తొద్దని. చోక్ లాగితే ఏమైంది, కిటికీలో మట్టం ఎక్కడ ఉంది, మూడు ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయి, ఇవి ఫోటోలతో ఇక్కడే రాయి. ప్లగ్గులు ఏ సిలిండర్‌వో వరస తప్పకుండా పెట్టి ఫోటో తియ్యి. హైవే మీద నుంచి వచ్చి వెంటనే తీసిన ప్లగ్గు అయితేనే పనికొస్తుంది, ఇంటి ముందు ఐడ్లింగ్‌లో నడిపి తీస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి.